ఒకే గోడ – నలుగురు చూపరులు

అమ్మ ముందు ఒక తీరు, లెక్చరరు ముందు ఒక తీరు, హాస్టలు రూములో యింకో తీరు. ఇది మోసమా? కాదంటాడు సామాజిక శాస్త్రజ్ఞుడు ఎర్వింగ్ గాఫ్‌మన్. స్కాట్లండుకు ఉత్తరాన వున్న షెట్లండ్ దీవుల్లో హోటలు పనివారిని గమనించి, భోజనశాలలో వారి మర్యాద వేరనీ, వంటింట్లో వారి వరస వేరనీ 1956లో తన గ్రంథంలో చూపించాడు. మనిషికి రంగస్థలమూ కావాలి, తెర వెనుక కాస్త చోటూ కావాలి.

సోషల్ మీడియాలో ఆ తెర నిలవదు. స్నేహితుల కోసం రాసింది అందరి కంటా పడుతుంది. ఈ చిక్కును పరిశోధించిన అమెరికన్ పండితురాలు డానా బాయిడ్ 2014 నాటి తన పుస్తకంలో ఒక ఉదంతం చెప్పింది. లాస్ ఏంజిలెస్‌లో ముఠాల పేటకు చెందిన నల్లజాతి కుర్రవాడొకడు పేరున్న విశ్వవిద్యాలయంలో సీటు కోరుతూ, ఆ ముఠాల బతుకు నుంచి బయటపడాలని వుందని రాశాడు. అతని మైస్పేస్ పేజీ చూస్తే అంతా ముఠా గుర్తులే! అబద్ధమెందుకు ఆడాడని ప్రవేశాల అధికారి బాయిడ్‌ను అడిగాడు. ఆమె ఆలోచన వేరు: ఆ పేజీ అధికారుల కోసం పెట్టింది కాదేమో, పేటలో ప్రాణాలు నిలుపుకోటానికి వేసిన వేషమేమో!

ఇది చదివి నేను సిగ్గుపడ్డాను. ఇన్‌స్టాగ్రాం ఫొటోలు చూసి జూనియర్ల గుణాలు తేల్చేసేవాణ్ణి మరి! మిత్రులారా, ఎవరి పేజీ చూసినా ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇది ఎవరి కోసం రాసింది?