తోటలో వాకీటాకీ: చివరి అక్షరం తెగకూడదు

మామిడి కోతల్లో ఉంగుటూరు, నూజివీడు వైపు తోటల్లో పనిచేసే మేస్త్రీలకు, కొత్తగా చేరిన గుమస్తాలకు ఈ మాటలు. కోత ముఠా ఒక మూల, గ్రేడింగు షెడ్డు ఇంకో మూల, లారీ గేటు దగ్గర. ముగ్గురికీ ఒకే కబురు ఒకేసారి చేరాలంటే ఫోన్‌తో కుదరదు. వాకీటాకీ మీట నొక్కి ఒక్కసారి చెబితే చాలు.

సెట్లు కొనుక్కురమ్మని యజమాని మిమ్మల్నే పంపితే ముందు ఫ్రీక్వెన్సీ చూడండి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2018 నిబంధనలు వెసులుబాటు ఇచ్చింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకే, అదీ తక్కువ పవరు సెట్లకే. ఆ మోడలుకు ఈటీఏ, అంటే ప్రభుత్వం ఇచ్చే పరికర ఆమోద ధ్రువపత్రం, ఉందో లేదో అడగండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే అయిదు వాట్ల సెట్టు చూసి ఆశపడొద్దు. అది పోలీసులు, అత్యవసర సేవలు మాట్లాడుకునే తరంగాల మీదకీ వెళ్లగలదు. ఇలాంటి అమ్మకాల మీదే 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులిచ్చింది. అభిరుచి కోసం రేడియో వాడేవాళ్ల హామ్ లైసెన్సు తీసుకుంటే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు, అది వ్యాపారం పనికి వాడేది కాదు.

సెట్టు చేతికొచ్చాక రాత్రంతా చార్జింగు పెట్టండి. యాంటెన్నా విడిగా వస్తే అది బిగించాకే మీట నొక్కాలి, లేకుంటే సెట్టు పాడవుతుంది. అన్ని సెట్లలోనూ ఒకే చానల్, ఒకే కోడ్ ఉండాలి. ఆ కోడ్ పక్క తోటవాళ్ల మాటలు మనకు వినపడకుండా చేస్తుందే తప్ప మన మాటల్ని దాచదు. అందుకని రేటు సంగతి, డబ్బు సంగతి రేడియోలో వద్దు.

పెట్టె మీద కిలోమీటర్ల లెక్క రాసి ఉంటుంది. అది ఖాళీ మైదానం లెక్క. ఆకు దట్టంగా ఉన్న తోటలో అందులో కొంతే అందుతుంది. కోతలు మొదలవకముందే ఒకరు షెడ్డులో కూర్చుని, ఇంకొకరు తోట నాలుగు మూలలా తిరిగి మాట్లాడి చూడండి. మాట అందని చోట్లు కాగితం మీద గుర్తుపెట్టుకోండి. సెట్టును నడుముకు పెట్టుకుని కాదు, నోటికి నాలుగు వేళ్ల దూరంలో నిటారుగా పట్టుకుని మాట్లాడాలి.

అసలు నేర్చుకోవాల్సింది మాట్లాడే పద్ధతి. మన భాషలో కాదు, వద్దు అనే అర్థం మాట చివర వస్తుంది. "లారీ పంపొద్దు" అంటూనే వేలు తీసేస్తే అవతల "లారీ పంపు" అని వినపడుతుంది. పచ్చికాయ లోడు నున్న మామిడి మార్కెట్ దారి పట్టాక తెలిసి లాభం లేదు. మీట నొక్కి ఒక క్షణం ఆగి మొదలుపెట్టండి, మాట అయ్యాక ఇంకో క్షణం ఆగి వదలండి. ఆపాల్సిన పనైతే ముందే "ఆగు" అనేయండి: "ఆగు, ఆగు, లారీ గేటు దగ్గరే ఉండాలి." అవతలివారు అదే మాట తిరిగి చెప్పాకే కబురు చేరినట్టు లెక్క.

అంకెలతోనూ ఇదే చిక్కు. రేడియో గరగరలో ఇరవై, అరవై ఒకేలా ఉంటాయి. ట్రేలు ఇరవై అయితే "రెండు, సున్నా" అని విడదీసి చెప్పాలి. పిలిచేటప్పుడు ముందు అవతలివారి పేరు, తర్వాత మీ పేరు: "షెడ్డు, షెడ్డు, గేటు నుంచి." మీరు మీట నొక్కి ఉన్నంతసేపూ మీకెవరి మాటా వినపడదు, ఆ చానల్లో ఇంకెవరూ మాట్లాడలేరు. సెట్టు జేబులో మీట నొక్కుకుపోతే తోటంతా మూగబోతుంది. మధ్యమధ్యలో తడిమి చూసుకోండి.

మే నెల ఎండలో సెట్టును వ్యాను డాష్‌బోర్డు మీద వదిలేయకండి, బ్యాటరీ దెబ్బతింటుంది.

ఈదురుగాలి, ఉరుము మొదలైతే మిగతా మాటలన్నీ బంద్. షెడ్డు నుంచి "దిగండి, షెడ్డుకు రండి" అని మూడుసార్లు చెప్పాలి. ప్రతి మేస్త్రీ తన ముఠా పేరు, ఎంతమంది దిగారో చెప్పాలి. చెట్టు దిగి చెట్టు కిందే నిలబడితే పిడుగు ప్రమాదం తప్పదు, పక్కా కప్పు కిందికి చేరాల్సిందే. జవాబు రాని ముఠాను ఆపకుండా పిలుస్తూ, వాళ్లకు దగ్గర్లో ఉన్న మేస్త్రీని కేకేసి చెప్పమనండి. ఏ ముఠాకు ఎవరు దగ్గరో పొద్దున పని పంచేటప్పుడే రాసి షెడ్డు గోడకు అంటించండి.