గుండెకు తోడు నిలుచు యంత్రములు

మన బొల్లారమునకు చేరువనున్న సుల్తాన్‌పూరులో 2017వ సంవత్సరమున వైద్యపరికరముల పారిశ్రామికవాడకు పునాది పడినది. అచ్చట స్టెంటులు తయారగుచున్నవి. అందుచేత కాబోలు, గుండెలో అమర్చు ప్రతి వస్తువును మనవారు స్టెంటనియే పిలుచుచున్నారు. ఇది సరికాదు. స్టెంటు గుండెకు రక్తము గొనిపోవు నాళమును తెరచియుంచు వలవంటి గొట్టము. హైదరాబాదులో డాక్టరు సోమరాజుగారును అబ్దుల్ కలాముగారును కలిసి తక్కువ వెలకు సిద్ధపరచినది ఇట్టిదే. గుండెకండరమే నీరసించినప్పుడు అది యొక్కటియే చాలదు.

బాలబాలికలారా, నీరసించిన గుండెలో పెక్కుమారులు విద్యుత్తు నడచు దారియు చెడును. అప్పుడు కుడి జఠరిక ముందును, ఎడమ జఠరిక వెనుకను ముడుచుకొనును. జోడెడ్లలో ఒకటి కదలి రెండవది నిలిచిన బండి యెట్లు సాగును? దీనికై మూడు తీగెల పేస్‌మేకరు గలదు. ఒక తీగె కుడి కర్ణికకు, ఒకటి కుడి జఠరికకు, మూడవది సిరమార్గమున ఎడమ జఠరిక వెలుపలి వైపునకు పోవును. రెండు జఠరికలును ఒక్కసారిగా ముడుచుకొనును. అయినను సుమారు ముగ్గురిలో ఒకరికి గుణము కనబడదు.

ఇట్టి గుండె హఠాత్తుగా లయ తప్పి వణకినచో నిమిషములలో ప్రాణము పోవును. తన గురువు ఇట్లు మరణించుట చూచిన మిరోవ్‌స్కీ యను వైద్యుడు, పండితులు పెదవి విరచినను మానక, లయ తప్పినప్పుడు తానే విద్యుద్ఘాతమిచ్చు పెట్టెను కనిపెట్టెను. 1980లో బాల్టిమోరులో దానిని మొదట మనుష్యునకు అమర్చిరి. నేడు జేబుగడియారమంత పెట్టె యొక్కటియే ఈ రెండు పనులను చేయుచున్నది.

అదియు చాలనివారికి ఎడమ జఠరికనుండి రక్తమును లాగి బృహద్ధమనిలోనికి త్రోయు పంపు నమర్చుదురు. హార్ట్‌మేట్ 3 అను పంపులో తిరుగు చక్రము అయస్కాంతశక్తిచే దేనిని తాకక తేలుచుండును. దాని తీగె పొట్టనుండి వెలుపలికి వచ్చును. బ్యాటరీ క్షణమైనను ఆగరాదు. మాటిమాటికి కరెంటు పోవు ఇంట ఇది చిన్న సంగతి కాదు; వెలయు మిక్కిలి హెచ్చు.

పెట్టెయు పంపును ఒకే దేహమందున్నప్పుడు క్రొత్త చిక్కులు పుట్టును. పంపు రక్తమును నడుపుచుండుటచే, గుండె వణకుచున్నను రోగి మెలకువతో నుండవచ్చును. అప్పుడు పెట్టె ఘాతమిచ్చిన ఆ బాధ నంతయు అనుభవించును. కావున వైద్యులు పెట్టె కొంత వేచియుండునట్లు దిద్దుదురు. పంపు ఉన్నవారికి ఈ పెట్టె ఆయువును పెంచునా యనునది వైద్యులలో ఇంకను తేలలేదు.

ఇట్టి పెట్టె గలవారు కార్ఖానాలలో వెల్డింగు పనికి పోవుటకు ముందు వైద్యునడుగవలెను. సెల్‌ఫోనును పెట్టెకు 15 సెంటీమీటర్ల దూరమున నుంచవలెను. పంపు గలవాడు స్పృహ తప్పినచో, చేతినాడి దొరకలేదని మరణించెననుకొనకుడు. అట్టివారిలో పెక్కుమందికి నాడి అందదు. వెంటనే 108కి ఫోను చేసి, పంపు ఉన్నదని చెప్పి, తీగెయు బ్యాటరీయు ఊడినవేమో చూడుడు.