తెల్లనీటిపై తెప్ప – నదిని చదవడం, నదిని కాపాడడం

మన హాస్టల్లో వాగులోనో, చెరువులోనో, దిగుడుబావిలోనో ఈత నేర్చుకున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని మొదటిసారి నీళ్లలో దూకిన రోజును ఎవరమూ మరచిపోలేము. అందుకే నీళ్లంటే మనకు భయం తక్కువ. ఆ ధైర్యం మంచిదే. కాని నిలిచిన నీటికీ, పరుగెత్తే నీటికీ చాలా తేడా ఉన్నది. ఆ తేడా తెలియక సెలవు రోజుల్లో నదుల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న విద్యార్థుల వార్తలు మనం ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

పరుగెత్తే నీటిని చదవడం నేర్పే క్రీడ ఒకటి ఉన్నది. అదే వైట్ వాటర్ రాఫ్టింగ్. అంటే కొండనదుల్లో నురగలు కక్కే నీటిపై గాలి నింపిన తెప్పలో ప్రయాణించడం. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ సాహస క్రీడ గురించి, అది సాగే నదిని కాపాడుకునే తీరు గురించి మిత్రులకు తెలియజేయాలని ఈ పాఠం రాస్తున్నాం. రిషికేశ్ వద్ద గంగానదిని ముఖ్య ఉదాహరణగా తీసుకుంటున్నాం.

క్రీడ ఎలా పుట్టింది?

తెప్పపై నది దాటడం మనిషికి అనాదిగా తెలుసు. కృష్ణా, తుంగభద్ర తీరాల్లో పుట్టి నడిపేవారిని మనలో కొందరు చూసే ఉంటారు. అయితే ఉరవడి ఎక్కువగా ఉన్న కొండనదిలోకి కావాలని పడవ దించడం వేరు. 1869లో జాన్ వెస్లీ పావెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మరి 9 మందితో కలిసి, 4 చెక్కపడవలపై కొలరాడో నది వెంట గ్రాండ్ కాన్యన్ లోయ గుండా ప్రయాణించాడు. అప్పటికే ఆయన యుద్ధంలో ఒక చేయి పోగొట్టుకున్నాడు. బయలుదేరిన 10 మందిలో లోయ చివరిదాకా వెళ్లినవారు 6 మందే. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వద్ద మిగిలిన రబ్బరు తెప్పలు అమ్మకానికి వచ్చాయి. అప్పటినుంచి ఈ క్రీడ సామాన్యులకూ అందింది.

మన దేశంలో 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం జెట్ బోట్లలో గంగాసాగరం నుంచి గంగకు ఎదురుగా ప్రయాణం చేసింది. నందప్రయాగ దగ్గర ఒక జలపాతం వారి పడవలను ఆపివేసింది. ఎవరెస్టు శిఖరం ఎక్కిన మనిషి కూడా నది చెప్పిన చోట ఆగవలసి వచ్చింది. ఈ క్రీడలో మొదటి పాఠం అదే.

నీరు ఎందుకు తెల్లబడుతుంది?

నది మట్టం ఒక్కసారిగా పల్లమైనా, ఒడ్లు దగ్గరకు వచ్చి దారి ఇరుకైనా, అడుగున బండరాళ్లు ఉన్నా నీటి వడి పెరుగుతుంది. ఆ నీరు రాళ్లను కొట్టుకొని గాలిని తనలో కలుపుకుంటుంది. లెక్కలేనన్ని గాలిబుడగలు వెలుగును అన్ని వైపులకూ వెదజల్లడం వల్ల నురగ మనకు తెల్లగా కనిపిస్తుంది.

ఒక ఘనపు మీటరు నీటి బరువు 1000 కిలోలు. నీటి వేగం రెండింతలైతే దాని తాకిడి నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలవుతుంది. కనుకనే మోకాలి లోతు నీరు కూడా వడిగా ఉన్నప్పుడు మనిషిని పడగొట్టగలదు.

నీటిని చదవడం

నది మాట్లాడదు గాని, నీటిపై గుర్తులు చూపుతుంది. అనుభవం ఉన్న గైడు వాటిని పుస్తకంలా చదువుతాడు.

దిగువ వైపు మొన ఉండేలా ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో నునుపైన నీరు కనిపిస్తే అది రెండు రాళ్ల నడుమ ఉన్న దారి. మొన ఎగువ వైపు ఉంటే దాని కింద రాయి దాగి ఉన్నదని అర్థం. పెద్ద బండ వెనుక నీరు నెమ్మదించి, వెనక్కు తిరిగి ఎగువకు ప్రవహిస్తుంది. తెప్పను అక్కడికి చేర్చి కాసేపు ఆగవచ్చు. బండ మీదుగా దూకిన నీరు దాని పాదం వద్ద గుండ్రంగా తిరుగుతూ మనిషిని పట్టి ఉంచే చోట్లు కూడా ఉంటాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది నదిలో కూలిన చెట్టు. అది జల్లెడలాంటిది. నీటిని పోనిస్తుంది, మనిషిని ఆపి నీటిలోకి అదిమేస్తుంది.

ఈ క్లిష్టతను బట్టి ఉరవళ్లను 1 నుంచి 6 తరగతులుగా విభజించారు. 1వ తరగతిలో చిన్న అలలే ఉంటాయి. 3వ తరగతిలో అలలు ఎత్తుగా ఉండి, తెప్పను నేర్పుగా తిప్పవలసి ఉంటుంది. 5వ తరగతి ఆరితేరినవారికే. 6వ తరగతి దాదాపు దాటరానిది.

దేవప్రయాగ వద్ద భాగీరథి, అలకనంద కలిసి గంగ అవుతాయి. అక్కడి నుంచి నది కొండల మధ్య సుమారు 70 కిలోమీటర్లు ప్రవహించి రిషికేశ్ చేరుతుంది. ఈ దారిలో కౌడియాలా నుంచి రిషికేశ్ దాకా సుమారు 36 కిలోమీటర్లు, శివపురి నుంచి అయితే సుమారు 16 కిలోమీటర్లు రాఫ్టింగ్ చేస్తారు. ఉరవళ్లకు రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, ది వాల్ వంటి పేర్లు పెట్టారు. వరదలు వచ్చే జూలై, ఆగస్టు నెలల్లో ఈ క్రీడను ఆపివేస్తారు.

ప్రాణరక్షణ నియమాలు

లైఫ్ జాకెట్, హెల్మెట్ లేకుండా తెప్ప ఎక్కకూడదు. జాకెట్ అంటే మన సొరకాయ బుర్రకు పెద్దన్న అనుకోవచ్చు. ఈత వచ్చినవారికి కూడా అది తప్పదు. నురగలో సగం గాలే ఉన్నచోట శరీరం మామూలు నీటిలో తేలినట్టు తేలదు.

గైడు 'ఫార్వర్డ్' అంటే అందరూ ఒకేసారి తెడ్డు ముందుకు వేయాలి. 'స్టాప్' అంటే ఆపాలి. ఒక పక్క వాళ్లు వేసి, రెండో పక్క వాళ్లు మానితే తెప్ప అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. ఇక్కడ బలవంతుడొక్కడి వల్ల ఏమీ కాదు. కబడ్డీలో గొలుసు పట్టినట్టు అందరూ కలిసి కదలాలి.

నీటిలో పడితే వెల్లకిలా పడుకొని, పాదాలు దిగువ వైపు చాచి, కాలివేళ్లు నీటిపైన కనిపించేలా ఉంచాలి. వడిగా పారే నీటిలో నిలబడాలని ప్రయత్నించకూడదు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే వెనుకనుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. గైడు విసిరిన తాడును రెండు చేతులా పట్టుకోవాలి, చేతికి మాత్రం చుట్టుకోకూడదు.

ఆనకట్ట దిగువన జాగ్రత్త

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్ మండి జిల్లాలో, హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వారు ఈతకు దిగలేదు, రాఫ్టింగ్ చేయలేదు. నీరు తక్కువగా ఉన్నచోట రాళ్లపై నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు చూస్తుండగానే వచ్చి మీద పడింది. తెలుగునాట ఎన్నో ఇళ్లలో ఆ దుఃఖం ఇంకా తీరలేదు.

జల విద్యుత్ కేంద్రాలు కరెంటు అవసరాన్ని బట్టి నీటిని నిలిపి వదులుతాయి. ఎండ కాస్తున్నా, ఎక్కడా వాన లేకపోయినా నిమిషాల్లో నది పెరగవచ్చు. మహారాష్ట్రలో కుండలిక, కర్ణాటకలో దాండేలి వద్ద కాళీ నదిపై రాఫ్టింగ్ కూడా ఎగువ నుంచి వదిలే నీటిని బట్టే సాగుతుంది. అక్కడ నీరు వదిలే వేళ తెలిసి దిగుతారు. తెలియకుండా దిగడమే ప్రమాదం. సైరన్ వినిపించినా, నీటి రంగు మారినా, చెత్తాచెదారం కొట్టుకువస్తున్నా వెంటనే ఒడ్డెక్కాలి. వస్తువుల కోసం వెనక్కు వెళ్లకూడదు.

2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో చనిపోయారు. అప్పుడు నది వరదలో ఉన్నది. వరద నదిపై విహారం వద్దని చెప్పడం పిరికితనం కాదని మనం తెలుసుకోవాలి.

నురగే నదికి ఊపిరి

మనకు ఉత్సాహాన్నిచ్చే తెల్లనీరే చేపలకు ప్రాణం. నీరు రాళ్లను కొట్టుకొని గాలిని కలుపుకునేటప్పుడు అందులోని ఆక్సిజన్ నీటిలో కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద ఒక లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. మురుగు, ఎంగిలి మెతుకులు, మలం నీటిలో చేరితే వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అప్పుడు చేపలకు ఊపిరి అందదు.

హిమాలయ నదుల్లో ఉండే బంగారు మహసీర్ చేపకు చల్లని, ఆక్సిజన్ నిండిన నీరు కావాలి. అది గుడ్లు పెట్టడానికి చిన్న ఉపనదుల్లోకి ఎదురీది, శుభ్రమైన గులకరాళ్ల అడుగును వెతుక్కుంటుంది. ఆనకట్టలు దాని దారి మూస్తున్నాయి. ఇసుక, రాళ్ల తవ్వకాలు దాని పురిటిగదిని చెరిపేస్తున్నాయి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ చేపను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది.

రిషికేశ్ నేర్చుకున్న పాఠం

రిషికేశ్ ఎగువన రాఫ్టింగ్‌తో పాటు ఇసుక తిన్నెలపై గుడారాల శిబిరాలు పెరిగాయి. ఇసుకలో తవ్విన మరుగుదొడ్డి గుంట నుంచి మురికి నదికి చేరడానికి ఎంతో కాలం పట్టదు. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కౌడియాలా, రిషికేశ్ మధ్య నదీతీర శిబిరాలను నిలిపివేసి, రాఫ్టింగ్‌ను మాత్రం కొనసాగనిచ్చింది. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు తగిన నిబంధనలు చేసేవరకు రాఫ్టింగ్‌ను కూడా ఆపమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తరువాత అది తిరిగి మొదలైంది. తెడ్డు పట్టి బతికే కొండపల్లెల యువకులకు ఆ రోజుల్లో పని లేదు. నది బాగుంటేనే ఉపాధి బాగుంటుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

కొన్ని దేశాల్లో నియమాలు ఇంకా కఠినం. గ్రాండ్ కాన్యన్‌లో తెప్పలపై వెళ్లేవారు తమ చెత్తనే కాదు, మలాన్ని కూడా మూత బిగించిన డబ్బాల్లో వెంట తెచ్చుకోవాలి. వినడానికి వింతగా ఉన్నా, ఆ ఒడ్డు శుభ్రంగా ఉండడానికి కారణం అదే.

మన వాగు, మన వంతు

గంగ మనకు దూరం. మన ఊరి వాగు దగ్గర. మన వాగుల్లో, నదుల్లో ఇసుక తవ్వి వదిలేసిన గోతులు ఉంటాయి. పైకి నీరంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది. మోకాలి లోతు అనుకొని అడుగు వేస్తే నిలువు లోతు ఉంటుంది. నదిని గాయపరిచిన ఆ గొయ్యే పిల్లలను మింగుతున్నది. కనుక నదిని కాపాడడం, మన ప్రాణాలు కాపాడుకోవడం రెండు వేర్వేరు పనులు కావు. మనం పాటించదగిన కొన్ని విషయాలు:

1. తెలియని నీటిలో దూకవద్దు. లోతు గురించి ఊరివారిని, చేపలు పట్టేవారిని అడిగి తెలుసుకోవాలి. ఒంటరిగా దిగవద్దు.

2. మునిగేవారి కోసం ఈత వచ్చుకదా అని వెంటనే దూకవద్దు. తాడు, చీర, వెదురుగడ, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను ఏది దొరికితే అది అందించాలి. పెద్దగా కేకలు వేసి పెద్దలను పిలవాలి.

3. విహారయాత్రకు తీసుకువెళ్లిన ప్లాస్టిక్ కవర్లు, గ్లాసులు, షాంపూ ప్యాకెట్లు లెక్కపెట్టి వెనక్కు తేవాలి. వెళ్లేటప్పుడే ఒక ఖాళీ సంచి వెంట ఉంచుకోవాలి.

4. సబ్బుతో స్నానం, బట్టలు ఉతకడం నదిలో చేయరాదు. నీళ్లు తోడుకొని ఒడ్డుకు కనీసం 200 అడుగుల దూరంలో చేయాలి. ఆ నీటిని మట్టి వడపోస్తుంది. మలవిసర్జనకు కూడా అదే దూరం పాటించాలి.

5. పండుగలకు మట్టి విగ్రహాలనే నిమజ్జనం చేద్దాం.

6. ఊరి వాగులో గోతులు కనిపిస్తే పంచాయతీకి రాతపూర్వకంగా తెలియజేద్దాం. అవి పూడ్చేదాకా అక్కడ ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతుదాం.

ఈ సాహసాలు డబ్బున్నవారివి, మనవి కావని ఎవరూ అనుకోవద్దు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరంపై నిలబడ్డారు. కొండ మనది కాగలిగినప్పుడు నది మాత్రం ఎందుకు కాదు? రాఫ్టింగ్ గైడుగా, ప్రాణరక్షకుడిగా పనిచేయడం గౌరవమైన ఉపాధి. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థలో ఇటువంటి శిక్షణలు ఇస్తున్నారు. ఆసక్తి ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈత, ప్రథమ చికిత్స నేర్చుకోవడంతో మొదలుపెట్టవచ్చు.

ఇప్పటికే ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. వచ్చే వేసవి సెలవుల్లో పెద్దల పర్యవేక్షణలో, జాకెట్లు, తాళ్లు ఏర్పాటు చేసి మన హాస్టలు పిల్లలకు ఈత శిబిరం ఒకటి పెట్టించండి. ఖర్చు పెద్దది కాదు. దానివల్ల ఒక్క తల్లికి కడుపుకోత తప్పినా చాలు.