కుళాయి దగ్గర శ్రమకాలం

ప్రశ్న: మాది అండమాన్‌లోని తుష్నాబాద్. ఎండలు ముదరకముందే మాకు నీళ్ల ఇబ్బంది మొదలవుతుంది. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అదీ తెల్లవారుజామున. డ్రమ్ములు నింపి, వంట చేసి, ఆయన్ని పోర్ట్ బ్లెయిర్ బస్సెక్కించి, పిల్లల్ని బడికి పంపి, తోటలో రాలిన వక్కలు ఏరుకొచ్చేసరికి ఒళ్లు హూనమైపోతుంది. సాయంత్రం ఉపవాస ప్రార్థనలకు వెళ్లలేను. రాత్రి మోకరిస్తే మంచం మీదే తల వాలిపోతుంది. రానివాళ్లది పల్చని భక్తి అని మా అత్తగారి మాట. శ్రమకాలపు ఈ నలభై రోజులూ ఎలా గడపను?

జవాబు: అమ్మా, ముందు ఆ నిద్ర సంగతి. గెత్సేమనే తోటలో పేతురు, యాకోబు, యోహానులకే కళ్లు మూతలు పడ్డాయి. వాళ్లు కోడికూతకు ముందే లేచి డ్రమ్ములు నింపినవాళ్లు కూడా కాదు. ప్రభువు మందలించాడు గాని వెళ్లగొట్టలేదు.

ఫిబ్రవరిలో మీ దీవిలో అయిదున్నరకే పొద్దుగూకుతుంది. ఏడయ్యేసరికి మీకు సగం రాత్రి. సాయంత్రం కుదరనిదాన్ని తెల్లవారుజామున వెతుక్కోండి. మీ ఉత్తరంలో నాకు ఒక్క ఖాళీ కనిపించింది: బిందె నిండేదాకా నిలబడే ఆ కాసేపు. ఒక్కో బిందెకు ఒక్కో పేరు. మొదటిది ఆయనది, తర్వాతవి పిల్లలవి, ఒకటి మీ అత్తగారిది. నవ్వకండి, అదే అన్నిటికన్నా నెమ్మదిగా నిండుతుంది. 17వ శతాబ్దంలో పారిస్ కార్మెల్ మఠంలో లారెన్స్ అనే వంటవాడు ఉండేవాడు. గుడిలో మోకరించినప్పటికీ, గిన్నెల చప్పుడు మధ్య గరిటె తిప్పుతున్నప్పటికీ తనకు తేడా లేదనేవాడు. మీ కుళాయి ఆ వంటగదికేం తీసిపోదు.

కుళాయన్నాక వంతుల గొడవ ఉంటుంది. వారానికొకసారి మీ వంతు వెనకున్న ముసలమ్మకు ఇచ్చేయండి. ఆమె బిందె నిండుతుంటే, నీళ్లు ఆగిపోతాయేమోనని గుండె కొట్టుకుంటుంది చూడండి, అక్కడుంది మీ ఉపవాసం. పూట మానేసి బిందె కోసం జుట్టు జుట్టు పట్టుకున్నవాళ్లను నేను చూశాను. అలాంటివాళ్ల గురించే యెషయా 58వ అధ్యాయం. ఒకసారి చదవండి.

ఇంకొకటి, పిడికెడు బియ్యం. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం మన సంఘాల్లో చాలామంది తల్లులకు అలవాటే. మిజోరాంలో ఆడవాళ్లు 1910లో మొదలుపెట్టిన ఈ పద్ధతి సంఘపు పనులకు పెద్ద ఆధారమైంది. అయితే ఆ పిడికెడు తగ్గాల్సింది పెద్దవాళ్ల కంచాల్లో, పిల్లల కంచాల్లో కాదు. డబ్బా నిండాక అవసరమున్న ఇంటికి చీకటిపడ్డాక ఇచ్చి రండి.

ఇక ప్రార్థన కూటం. ఒక రాత్రి మీ ఇంట్లోనే పెట్టించండి, పాట ఎత్తుకునే పని అత్తగారికి అప్పగించండి. భక్తి మందం మాట మళ్లీ రాదు.

ప్రశ్న: మేము కథోలికులం. తపస్సు కాలం శుక్రవారాల్లో మాంసం మానేస్తాం. చేప తినవచ్చు కదా?

జవాబు: తినవచ్చు, నియమం ఒప్పుకుంటుంది. కానీ సముద్రం ఒడ్డున ఉండి, ముక్క లేనిదే ముద్ద దిగనివాళ్లు మటన్ మానేసి వంజరం వేపుడు చేసుకుంటే దాన్ని త్యాగమంటామా? మీ ఇంట్లో దేనికోసం చెయ్యి ముందుకు పోతుందో దాన్ని మానండి. చేపైతే చేప, ఫోనైతే ఫోను. బూడిద బుధవారం, శుభ శుక్రవారం పూట మానే నియమం 18 నుంచి 59 ఏళ్లవాళ్లకు. గర్భిణులకు, జబ్బుపడ్డవాళ్లకు మినహాయింపు ఉంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడగకుండా సాహసాలు చేయొద్దు.

ప్రశ్న: మా ఆయనవాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చిన బాప్టిస్టులు. బైబిల్లో లెంటు, అంటే ఈ శ్రమకాలం, ఎక్కడుందని అడుగుతారు.

జవాబు: ఆ పేరుతో ఎక్కడా లేదు, వాళ్ల మాట నిజమే. ప్రభువు అరణ్యంలో గడిపిన నలభై రోజులు ఉన్నాయి. 325లో జరిగిన నైసియా సభ తీర్మానాల్లో ఈస్టరుకు ముందటి నలభై రోజుల ప్రస్తావన ఉంది. ఆజ్ఞ కాదు, అలవాటు. అలవాటు మీద అలగడం దేనికి? మీ ఆయన్ని బిందె పట్టుకోమనండి.

ప్రశ్న: బూడిద బుధవారం నుదుటి మీద పెట్టే బూడిద ఎక్కడినుంచి తెస్తారని మా పాప అడుగుతోంది.

జవాబు: నిరుడు మట్టల ఆదివారం పట్టుకున్న మట్టలను కాల్చిన బూడిదే అది. ఆ రోజు హోసన్నా అంటూ ఊపిన మట్ట మీ ఇంట్లో సిలువ వెనకో, దూలానికో దోపి ఉంటుంది చూడండి, పెళుసెక్కి, అంచులు ముడుచుకుని. దాన్ని పాప చేతికివ్వండి, వాసన చూస్తుంది. 2026లో బూడిద బుధవారం ఫిబ్రవరి 18న వస్తోంది. ముందు ఆదివారమే మట్టను గుడికి పంపండి, ఫాదరుగారు మంగళవారంలోగా కాల్చి జల్లెడ పట్టుకోవాలి.