మన కాళ్ల కింద కడప బేసిన్

హాస్టల్లో మనం వరుసగా కూర్చుని అన్నం తినే నల్ల బండలను కడప బండలంటాం. అవి ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. బోరు ఎక్కడ వేసినా నీళ్లు పడని సీమలో సముద్రమేమిటని తమ్ముళ్లు అడగవచ్చు. మేము చదివినంతలో ఆ సంగతి చెబుతాం.

నెలవంక ఆకారంలో ఉండే కడప బేసిన్ విస్తీర్ణం సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. దీని పునాది దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్, నైస్ శిలలు. ఆ నేల కుంగి, సముద్రం చొచ్చుకొచ్చింది. మొదట పేరుకున్న గులకరాళ్లు, ఇసుక గట్టిపడి గుల్చెరు క్వార్ట్‌జైట్ అయ్యాయి. మన గువ్వలచెరువే దొరల రాతలో అలా మారింది. పరీక్షలో మాత్రం గుల్చెరు అనే రాయాలి! ఈ శిలలపై విలియం కింగ్ నివేదిక 1872లో వెలువడింది.

దానిపైన వేంపల్లె డోలమైట్. ఇందులో ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు పొరలుగా కనిపించేవి స్ట్రొమటొలైట్లు. నిస్సార జలాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలు జిగురుగా పరచుకుని, బురదను పట్టి, మళ్లీ దానిపైకి పెరిగిన గుర్తులవి. ఎముకలు, గవ్వలు వెతికితే దొరకవు. అప్పటికి అలాంటి ప్రాణులే లేవు.

వయసెలా తెలిసింది? ఇంకా పైనున్న తాడిపత్రి పొరల్లోకి పులివెందుల దగ్గర శిలాద్రవం చొరబడి గడ్డకట్టింది. దాని వయసు సుమారు 189 కోట్ల ఏళ్లని రేడియోధార్మిక పద్ధతిలో లెక్కగట్టారు. చొరబడిన రాయికన్నా ముందే ఆ పొరలుండాలి కదా! వాటి కిందున్న వేంపల్లె శిలలు మరీ పాతవి.

అలాంటి శిలాద్రవమే డోలమైట్‌ను తాకినచోట రాతినార ఏర్పడింది. పాఠ్యపుస్తకంలో అది ఒక ఖనిజం, అంతే. దాన్ని తవ్విన కూలీకి దాని ధూళి ఊపిరితిత్తుల్లో దిగి, పదులేళ్ల తర్వాత జబ్బుగా బయటపడుతుంది. ఖనిజం ఎక్కడ దొరుకుతుందో చెప్పే పాఠం ఇదీ చెప్పాలని మా అభిప్రాయం.

మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియం కూడా ఈ బేసిన్‌వే. చాలాకాలం తర్వాత కర్నూలు శిలలు ఏర్పడ్డాయి. బనగానపల్లె గులకరాళ్ల పొరలో వజ్రాలు దొరికాయి. నార్జి సున్నపురాయిని నీళ్లు కరిగించగా బెలుం గుహలయ్యాయి. మన బండలూ ఆ నార్జి రాయే.

బండలు కోసే పనికి మన ఇళ్లనుంచీ వెళ్తున్నారు. సున్నపురాయి దుమ్ముకన్నా పలుగురాయి ఉన్న క్వార్ట్‌జైట్, గ్రానైట్ దుమ్ము ఎక్కువ ప్రమాదం, అది సిలికోసిస్ తెస్తుంది. ఏ రాయైనా నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో ఈ మాట చెప్పండి.