గట్టుమీది రత్నపురుష: దానిని పెరటిలో పెంచు విధము

వయొలెట్ అను పుష్పము పాశ్చాత్యుల తోటలలో మిక్కిలి ప్రసిద్ధి గన్నది. యునానీ హకీములు బనఫ్షా యని వాడునది ఆ జాతిలోనిదే. అది హిమాలయ ప్రాంతపు చల్లదనమున పెరుగునది గాని, మన హుస్నాబాదు ప్రాంతపు ఎండలకు నిలువజాలదు. అయినను ఆ కుటుంబమునకు జేరిన మొక్క యొకటి మన చెల్కల గట్లమీదను, బీళ్లలోను తనంత తానే మొలచును. అదియే రత్నపురుష. దీనిని పురుషరత్నమనియు నందురు. అరవవారు ఓరితళ్ తామరై, అనగా ఒంటిరేకు తామర యని పిలుతురు. స్వీడను దేశీయుడగు లిన్నేయసు పండితుడు 1753వ సంవత్సరమున దీనిని వయొలెట్ల వర్గముననే చేర్చి పేరిడెను.

1. గుర్తించుట: మొక్క జానెడు మొదలు మూరెడు లోపు ఎత్తు పెరుగును. ఆకులు సన్ననివి, కొనదేరినవి, కాడ లేనట్లే యుండును. ఆకు పంగలయందు ఒక్కొక్క పువ్వు పూయును. రేకులు అయిదు గలవు గాని, క్రింది రేకు ఒక్కటియే పెద్దదై, పార ఆకారమున, గులాబి కలసిన ఊదారంగుతో కనబడును. తక్కిన నాలుగును అల్పములు. ఈ యొక్క గుర్తు చాలును.

2. దీనికి గలుగు హాని: ఈ మొక్క పుష్టినిచ్చునని నాటువైద్యమున పేరు గలదు. అందుచే దీనిని వేరుతోసహా పెరికి యమ్ముచున్నారు. కాయ పండకమునుపే పెరికినచో విత్తు నేలబడదు. విత్తు పడనిచో మరుసటి తొలకరికి మొలక యుండదు. ఇక రెండవ హాని గడ్డిమందు. కలుపు తీయు కూలి మిగులునని గట్లమీద సైతము మందు కొట్టుటచే, పంటకు పోటీ రాని ఈ చిన్న మొక్కయు మాడిపోవుచున్నది. గట్టుమీది పూలు పోయినచో వానిపై వాలు తేనెటీగలకు మేత తగ్గును. బీర, సొర, గుమ్మడి పాదులు కాయ పట్టుటకు ఆ యీగలే గదా ఆధారము!

3. విత్తనము సేకరించుట: కాయ గుండ్రనిది, శనగగింజకంటె చిన్నది. ఎండినంతనే మూడు చెక్కలుగా విచ్చి, గింజలను దూరముగా చిమ్మును. కావున కాయ ఆకుపచ్చదనము తగ్గి విచ్చకమునుపే కోసి, పలుచని గుడ్డలో మూటగట్టి నీడన ఆరబెట్టవలెను. మూట కట్టనివానికి ఖాళీ చెక్కలే మిగులును. ఒక్కచోటి కాయలన్నియు కోయరాదు. సగమునకు మించి నేలకే విడువవలెను.

4. విత్తుట: నీరు నిలువని ఎర్రచెల్క నేల దీనికి తగును. నల్లరేగడి యైనచో ఇసుక కలిపి మడిని ఎత్తు చేయవలెను. మృగశిర కార్తెలో తొలి వానలు పడిన పిమ్మట, గింజలను సన్నని ఇసుకతో కలిపి పైపైన చల్లి, పలుచగా మన్ను కప్పిన చాలును. గింజలన్నియు ఒక్కసారి మొలవవు. కొన్ని ఆలస్యముగా మొలచును గనుక మడిని తొందరపడి త్రవ్వరాదు. నాలుగైదు ఆకులు వేసినపుడు మంటిగడ్డతో తీసి జానెడు దూరమున నాటవలెను.

5. పోషణ: వానలు తప్పినపుడు మాత్రమే నీరు పోయవలెను, వేరు తడిలో నానినచో కుళ్లును. చివికిన పశువుల ఎరువు కొంచెము చాలును. యూరియా వేసినచో ఆకు పెరిగి పూత తగ్గును. వయ్యారిభామ కనబడినంతనే పూయకమునుపే పెరికివేయవలెను.

6. పురుగు: ఆకులపై ఎర్రగోధుమవన్నె ముండ్ల గొంగళి కనబడిన భయపడి మందు కొట్టరాదు. అది నల్లచుక్కల నారింజరంగు సీతాకోకచిలుకగా మారును. దానికి పూర్వము వయొలే యను పేరుండెను. వయొలెట్ల బంధుత్వమే ఆ పేరున గలదు. అది ఈ కుటుంబపు మొక్కలను, జుమికి తీగలను తిని బ్రతుకును. వరి, మొక్కజొన్నల జోలికి పోదు. ఆకు పోయినను వేరు బాగున్నచో మొక్క మరల చిగుర్చును.

మందు కొరకు పెంచదలచినవారికి మేము చెప్పునది ఒక్కటే: వైద్యుని సలహా లేక ఏ మొక్కనైనను లోనికి పుచ్చుకొనరాదు.

1956వ సంవత్సరమున మన పొరుగున ముల్కనూరులో సహకార బ్యాంకు స్థాపించిన రైతులు, ఒక్కని చేతగానిది పదిమంది కూడిన నగునని చూపిరి. విత్తనము విషయమును అట్టిదే. ఒక్కొక్క సభ్యుడు తన పొలమున ఒక్క గట్టునైనను గడ్డిమందు లేక విడిచి, ఒక్క మడిలోనైనను రత్నపురుషను పెంచినచో, ఊరి విత్తు ఊరిలోనే నిలుచును. ఈ మృగశిరకు విత్తువారు వచ్చు కార్తికమున పొరుగువానికి గుప్పెడు గింజల నీయవచ్చును.