మర్చంట్ సెంటర్ అకౌంట్ సస్పెండ్ అయిందా? రివ్యూ బటన్ నొక్కే ముందు ఇది చదవండి

మనం ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, చార్జర్ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి వాటిని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల వైపు నుంచి ఒక విషయం. గూగుల్‌లో "టైప్ సి చార్జర్" అని వెతికితే ఫోటో, ధరతో వరసగా ప్రొడక్ట్స్ కనిపిస్తాయి కదా, అవి గూగుల్ మర్చంట్ సెంటర్ అకౌంట్ నుంచి వస్తాయి. ఆ అకౌంట్ సస్పెండ్ అయితే షాపింగ్ యాడ్స్‌తో పాటు, డబ్బు కట్టకుండా కనిపించే ఫ్రీ లిస్టింగ్స్ కూడా ఆగిపోతాయి. చిన్న స్టోర్‌కి ఇది షట్టర్ దించేసినట్టే.

విజయవాడలో మా పెద్దమ్మ కొడుకు మొబైల్ యాక్సెసరీస్ స్టోర్ నడుపుతాడు. దసరాకి మూడు వారాల ముందు అతనికి సస్పెన్షన్ మెయిల్ వచ్చింది. కారణం "మిస్‌రిప్రజెంటేషన్". సీజన్ కోసం తెచ్చిన స్టాక్ అంతా అప్పు మీదే ఉంది. ప్యాకింగ్‌కి ఇద్దరు కుర్రాళ్లని కూడా పెట్టుకున్నాడు. కంగారులో ఏమీ మార్చకుండానే ఒకసారి రివ్యూ బటన్ నొక్కేశాడు, అది రిజెక్ట్ అయింది. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ఇందులో తప్పేంటో నాకు అర్థం కావట్లేదు రా. వేరే మెయిల్ ఐడీతో కొత్త అకౌంట్ తెరిచేద్దామా?"

"వద్దు అన్నయ్యా" అన్నాను. మీకూ అదే చెబుతున్నా. సస్పెన్షన్‌ని తప్పించుకోవడానికి కొత్త అకౌంట్ తెరవడం అనేది పాలసీలో వేరే ఉల్లంఘన. పైగా స్టోర్‌లో సమస్య అలాగే ఉంటే కొత్త అకౌంట్ కూడా అదే దారి పడుతుంది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. ఒక ప్రొడక్ట్ బార్‌కోడ్ నంబర్ తప్పయితేనో, ఫోటో మీద వాటర్‌మార్క్ ఉంటేనో ఆ ఒక్క ఐటమ్ రిజెక్ట్ అవుతుంది. అది చిన్న తలనొప్పి. మిస్‌రిప్రజెంటేషన్ అంటే మొత్తం స్టోర్ మీద ప్రశ్న: ఈ షాపు ఎవరిది, చెప్పిన ధరకి చెప్పిన వస్తువు ఇస్తుందా? అందుకే "మేం నిజాయితీగా వ్యాపారం చేస్తున్నాం సార్" అని రాస్తే లాభం ఉండదు. రివ్యూ అంటే వాళ్లు స్టోర్‌ని మళ్లీ చూడటం. మీ ఉత్తరం ఎంత బాగుందన్నది కాదు, మీ వెబ్‌సైట్ ఏం చెబుతోందన్నదే ముఖ్యం.

నేను చేసింది ఇది. ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, ఆ షాపు గురించి ఏమీ తెలియని కస్టమర్‌లా ఒక్కో ప్రొడక్ట్‌ని ఫీడ్‌లోని లింక్ నుంచి చెక్అవుట్ దాకా తీసుకెళ్లాను. ఫీడ్ అంటే మనం మర్చంట్ సెంటర్‌కి పంపే ప్రొడక్ట్స్ లిస్టు. ఫీడ్, ప్రొడక్ట్ పేజీ, చెక్అవుట్ మూడూ ఒకే మాట చెప్పాలి. ఇక్కడ చెప్పట్లేదు.

65 వాట్ చార్జర్‌నే తీసుకోండి. ఫీడ్‌లో రూ. 1,099. లింక్ నొక్కితే పేజీలో రూ. 1,499! మోసమేం కాదు. ఆ పేజీలో రెండు వేరియంట్లు ఉన్నాయి, చార్జర్ ఒక్కటే ఒకటి, చార్జర్ ప్లస్ కేబుల్ ఇంకోటి. పేజీ తెరవగానే కేబుల్ కాంబో సెలెక్ట్ అయి వస్తోంది. అన్నయ్యకి అది తెలుసు, కస్టమర్‌కి తెలియదు, గూగుల్ బాట్‌కీ తెలియదు. పరిష్కారం సింపుల్: ఫీడ్‌లో లింక్ చివర వేరియంట్ ఐడీ తగిలిస్తే సరైన వేరియంటే ముందు తెరుచుకుంటుంది.

అక్కడితో అయిపోలేదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో పేజీ కోడ్ చూశాను. చాలా ప్రొడక్ట్ పేజీల్లో మెషీన్లు చదవడానికి ధర, స్టాక్, బ్రాండ్ రాసి ఉండే ఒక బ్లాక్ ఉంటుంది, దాన్ని జేసన్-ఎల్‌డీ స్ట్రక్చర్డ్ డేటా అంటారు. ఈ స్టోర్‌లో అలాంటివి రెండున్నాయి. థీమ్ ఒకటి రాస్తోంది, రివ్యూలు చూపించే ప్లగిన్ ఇంకోటి రాస్తోంది. రెండింట్లో రెండు ధరలు. ప్లగిన్ బ్లాక్ ఆఫ్ చేశాం. ఉన్న ఒక్క బ్లాక్ కూడా జావాస్క్రిప్ట్ రన్ అయ్యాక తయారయ్యేది, దాన్ని సర్వర్ పంపే మొదటి హెచ్‌టీఎంఎల్‌లోనే వచ్చేలా మార్చాను. బ్రౌజర్‌లో మన కంటికి కనిపించేది వేరు, బాట్ చేతికి మొదట అందేది వేరు. మొదటి హెచ్‌టీఎంఎల్‌లో ఉందో లేదో కంట్రోల్ యూ నొక్కి పేజ్ సోర్స్‌లో చూస్తే తెలుస్తుంది; స్ట్రక్చర్డ్ డేటాలో తప్పులు చూడటానికి గూగుల్ వాళ్ల రిచ్ రిజల్ట్స్ టెస్ట్ ఉంది, ఫ్రీ.

ఇక టైమర్. "ఆఫర్ ఇంకా 14 నిమిషాలే" అని ఎర్రగా తిరిగేది. రిఫ్రెష్ కొడితే మళ్లీ 14 నిమిషాలు. థీమ్‌తో పాటే వచ్చిందట, అమ్మకాలు పెరుగుతాయని ఉంచాడట. తీసేయమన్నాను. కొంచెం గొణిగాడు. గూగుల్ సంగతి పక్కన పెట్టినా, మన దేశంలో 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో ఇలాంటి తప్పుడు తొందర పెట్టడం పేరుతో సహా ఉంది. నా దృష్టిలో ఈ టైమర్లు పెట్టే స్టోర్ దగ్గర ఏదీ కొనకూడదు, అది అన్నయ్య స్టోరైనా సరే.

కాంటాక్ట్ పేజీలో ఒక ఫారమ్ తప్ప ఏమీ లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వ్యాపారం అసలు పేరు, అడ్రస్, ఫోన్, మెయిల్, ఫిర్యాదులు చూసే అధికారి పేరు పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అవన్నీ పెట్టాం. మర్చంట్ సెంటర్‌లో ఉన్న పేరు, అడ్రస్ కూడా ఇదే అక్షరాలతో ఉండేలా చూశాం. రిటర్న్ పాలసీ అయితే ఎక్కడి నుంచో కాపీ చేసింది. ఫుటర్‌లో 7 రోజులు, పాలసీలో 10 రోజులు, మధ్యలో ఒకచోట "మీ స్టోర్ పేరు ఇక్కడ రాయండి" అని అలాగే ఉంది! కూర్చుని సొంతంగా రాయించాను: ఎన్ని రోజులు, కొరియర్ ఖర్చు ఎవరిది, డబ్బు ఎప్పుడు తిరిగొస్తుంది.

గ్యాడ్జెట్ స్టోర్లు ఇంకోటి గమనించాలి. "ఐఫోన్ ఒరిజినల్ కేస్" అని రాసి థర్డ్ పార్టీ కేస్ అమ్మకూడదు. "ఐఫోన్‌కి సరిపోయే కేస్" అని రాయండి, బ్రాండ్ దగ్గర అసలు తయారీదారు పేరు ఇవ్వండి. రీఫర్బిష్డ్ ఫోన్‌ని కొత్తదిగా చూపించకండి, దానికి ఫీడ్‌లో వేరే కండిషన్ ఉంది.

ఇవన్నీ అవడానికి నాలుగు రాత్రులు పట్టింది. అన్నయ్య రోజూ ఫోన్ చేసి "ఇప్పుడు నొక్కేద్దామా" అనేవాడు. ఆగమన్నాను. ఎందుకంటే రివ్యూలు పదే పదే ఫెయిలైతే కొన్నాళ్లు మళ్లీ అడగడానికి వీల్లేకుండా బటన్ లాక్ అవుతుంది. పండగ ముందు అది లాక్ అయితే సీజన్ పోయినట్టే. మార్చిన ప్రతి పేజీ స్క్రీన్‌షాట్ తీసి, తేదీతో ఫోల్డర్‌లో పెట్టి, ఇరవై ప్రొడక్ట్స్ మళ్లీ చెక్అవుట్ దాకా నడిపి చూసి, అప్పుడు నొక్కాం.

ఆరో రోజు అకౌంట్ తిరిగొచ్చింది. దసరాకి ఇంకా తొమ్మిది రోజులుంది. మొదటి రెండు రోజులు ప్రొడక్ట్స్ అన్నీ కనిపించలేదు, మెల్లగా వచ్చాయి. మీకూ అలాగే జరిగితే కంగారుపడి ఫీడ్ డిలీట్ చేసి మళ్లీ ఎక్కించకండి.

ఇప్పుడు ఆ స్టోర్‌లో ముప్పై లైన్ల పైథాన్ స్క్రిప్ట్ ఒకటి రోజూ పొద్దున ఆరింటికి రన్ అవుతుంది. ఫీడ్‌లోని ప్రతి లింక్ తెరిచి, జేసన్-ఎల్‌డీలో ఉన్న ధర, స్టాక్‌ని ఫీడ్‌తో పోల్చి, తేడా ఉన్నవి అన్నయ్య మెయిల్‌కి పంపుతుంది. నిన్న పంపిన లిస్టులో రెండు ఉన్నాయి, ఒక పవర్ బ్యాంక్, ఒక కార్ చార్జర్. టిఫిన్ చేసేలోపే సరిచేసేశాడు.